మాచుపిచ్చులో అక్క పిలిచిన పేరు

జర్మనీలోని కార్ల్స్‌రూహెలో మా పై అంతస్తులో ఉండే వరంగల్ అక్కకు ఏది చూసినా పక్కనున్న భర్త మోచేయి తట్టి "చూసినవా" అనడం అలవాటు. ట్రామ్‌లోనూ అంతే. పెరూ కొండల్లోని పాత రాతి నగరం మాచుపిచ్చుకు ఇద్దరూ టికెట్లు తీసుకున్నాక ఆయన గుండెపోటుతో పోయారు. మూడు నెలలకు అక్క ఒంటరిగానే వెళ్లి వచ్చింది.

ఎలా ఉందని అడిగితే చెప్పింది.

"సూర్యుని గుడి గోడ కాడ నిలబడ్డ. సున్నం లేదు, మట్టి లేదు, రాయిని రాయి పట్టుకొని ఉన్నది. 'చూసినవా, సూది గూడ దూరదు' అని పక్కకు తిరిగిన. ఎవ్వరు లేరు. ఆడనే కూలబడి ఆయనను పేరు పెట్టి పిలిచిన. ఇరవై ఏండ్లల్ల ఎన్నడు పిలువలే. జర దూరంల ఉన్న గైడ్ అది మన మంత్రమనుకున్నడేమో, టోపీ తీసి తల వంచుకొని నిలబడ్డడు. నేను కాదని చెప్పలే."