వేలిముద్ర పడని పెద్దమ్మ

మా పక్కింటి పెద్దమ్మ పోయిన బుధవారం పొద్దున చనిపోయింది. అప్పటికే నేను ఆరు గంటల షిఫ్టుకి వచ్చి ఫ్యాక్టరీ గేటు పక్క గదిలో కూర్చుని ఉన్నాను. ఆమె కూతురు ఫోన్ చేసింది. "అక్కా, అమ్మ పనికి బయల్దేరతానే గుండె పట్టుకునింది. ఆటో వచ్చేలోపల అయిపోయినాదక్కా" అని ఏడ్చింది. కాసేపటికే ఎవరో ఫ్యాక్టరీ వాట్సాప్ గ్రూపులో ఆ వార్త పెట్టారు. ఒకదాని కింద ఒకటి దండం పెట్టే చేతుల బొమ్మలు వచ్చాయి. ఒక్కరూ ఒక్క మాట రాయలేదు. మేనేజరు కూడా ఒక దండం పెట్టి, దాని కిందే "ఈరోజు లైనులో ఒక మనిషి తక్కువ, ఎవరినైనా పంపండి" అని పెట్టాడు. నాకు ఏడుపుకన్నా ముందు కోపం వచ్చింది. ఇంకా తగ్గలేదు.

బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ మాది. పెద్దమ్మ ఇరవై ఏళ్లకు పైగా అందులో తోతాపురి కాయల తొడిమలు కోసింది. ఆమెకూ నాకూ రక్తసంబంధం లేదు. మా అమ్మ పోయాక నా కాన్పుకి దగ్గరున్నది ఆమె. డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్న నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, "ఈ బిడ్డకి కంప్యూటర్ వస్తాది సార్, నీడపట్టున కూసోబెట్టండి" అని ఈ ఉద్యోగం అడిగింది కూడా ఆమే. షిఫ్టుకి ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అని చూడడం నా పని.

ప్రతిదాని మీదా ఆమెకొక అభిప్రాయం ఉండేది. సాయంత్రం పని నుంచి వచ్చి, మామిడి సొన కాల్చిన వేళ్లకి ఆముదం రాసుకుంటూ మా ఇంట్లో టీవీ ముందు కూర్చునేది. చర్చలో నలుగురూ ఒకేసారి అరుస్తుంటే, "ఇంతమంది మాట్లాడతా ఉండారే, వినేవాడు యాడ?" అనేది. ఒక ఏడు ధర పడిపోయి రైతులు కాయలు రోడ్డు మీద పారబోస్తే కెమెరాలు పరిగెత్తుకొచ్చాయి. "చెట్టు మీద ఉన్నన్నాళ్లూ ఎవురికీ కనపళ్లేదు. మన్నులో పడితేనే కనపడినాదా?" అని టీవీ కట్టేయించింది.

ఈ మధ్య ఫోన్ని ఏది అడిగినా చెబుతుందని ఎవరో ఆమెకు చెప్పారు. "ఈ కాయలో పురుగుండాదా అడుగు" అని ఒక కాయ నా ముందు పెట్టింది. అడిగాను. పేజీ నిండా జవాబు వచ్చింది. నేను చదివేలోపల ఆమె కాయను రెండుగా కోసి, పురుగును నాకు చూపించి, అవతల పారేసి, చెయ్యి కడుక్కుంది.

రెండేళ్ల కిందట ఫ్యాక్టరీలో హాజరు పుస్తకం తీసేసి వేలిముద్ర మిషన్ పెట్టారు. ఇన్నేళ్ల సొనకి ఆమె వేళ్ల కొనలు నున్నగా అరిగిపోయాయి. ఏ వేలు పెట్టినా మిషన్ ఇంగ్లీషులో ఏదో అనేది.

"ఏమంటాది మే ఇది?"

"మళ్లీ పెట్టమంటోంది పెద్దమ్మా."

"ఎన్ని తూర్లు పెట్టల్ల? నేను ఈడ నిలబడుండాను కదా!"

లోపలికి వెళ్లు, తర్వాత చూద్దాం అని పంపించేదాన్ని. ఒకరోజు ఆమెతో పాటు ఇంకో ఐదుగురు సాయంత్రం దాకా పని చేశారు. మర్నాడు చూస్తే మిషన్లో ఆరుగురూ రానట్టే ఉంది, ఆ రోజు కూలి లేనట్టే. మేనేజరు నన్నూ వాళ్లనూ పిలిచాడు. పెద్దమ్మ నా వైపు తిరిగి, "నువ్వు నిన్న పొద్దన నన్ను సూసినావు కదమ్మా. సూసినానని చెప్పు" అంది.

చూశాను. నేనే గేటు తీశాను. అయినా నా నోట వచ్చిన మాట, "మిషన్లో లేదు పెద్దమ్మా."

ఆమె మేనేజరు వైపు తిరిగి అంది: "సరే సార్, నేను రాలేదు. మరి నేను కోసిన కాయంతా ఎవురు కోసినారో మిషన్నే అడగండి."

మరుసటి రోజు ఆమె గేటు బయట కూర్చుంది. ఆమెను చూసి లైనులోని ఆడవాళ్లంతా కూర్చున్నారు. మాగిన కాయలతో లారీలు రోడ్డు దాకా నిలిచిపోయాయి. మధ్యాహ్నానికి మేనేజరు పాత పుస్తకం తెప్పించి, ముద్ర పడని వాళ్ల పేర్లు అందులో రాయమన్నాడు. పెద్దమ్మ కొంగు దులుపుకుని అందరినీ లోపలికి తీసుకెళ్లింది.

ఆ సాయంత్రం మా తలుపు కొట్టింది. చేతిలో సంగటి, పులుసు. "ఉద్యోగం నీది, భయముంటాది. భయపడితే భయపడినానని చెప్పు మే. మిషన్ మీదికి తొయ్యొద్దు" అని గిన్నె నా చేతికిచ్చి వెళ్లిపోయింది. తప్పయిందని అప్పుడే అనాల్సింది. అనలేదు. మరుసటి ఏడు ముఖం చూసే కెమెరా వచ్చి, మొదటిసారికే ఆమెను పట్టేసింది. "ఇది నీకంటే మేలే" అని నవ్వింది. నేనూ నవ్వి ఊరుకున్నాను. అప్పుడూ అనలేదు.

బుధవారం మధ్యాహ్నం మూడు గంటలకు భూస్థాపన. రెండున్నరకి ఆడవాళ్లంతా గేటు దగ్గరికి వచ్చారు. షిఫ్టు మధ్యలో బయటికి వెళితే కెమెరా ఆ రోజంతా రానట్టే రాసుకుంటుంది. మేనేజరుకి ఫోన్ చేశాను. "సీజన్లో లైను ఆపితే ఎట్లమ్మా? షిఫ్టు అయినాక పొమ్మను" అన్నాడు. షిఫ్టు సాయంత్రానికి గానీ అవదు; అప్పటికి అక్కడ మన్ను కప్పేసి ఉంటారు.

గేటు తీశాను. ఒక తెల్ల కాగితం మీద, వీళ్లందరూ పొద్దున్నే పనికి వచ్చారు, నేనే చూశాను, ఇప్పుడు నేనే పంపిస్తున్నాను అని రాసి సంతకం పెట్టాను. సూపర్వైజరు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ఎవురు పంపించినారు వీళ్లని?"

"నేనేనన్నా."

"సిస్టమ్‌లో పర్మిషన్ ఉండాదా?"

"లేదు. నేను పంపించినాను."

మర్నాడు నాకు మెమో ఇచ్చారు. దానికి జవాబు ఇంకా రాయలేదు. ముందు ఇది రాయాలనిపించింది.

చర్చి వెనక గుంత తవ్వారు. మేము వెళ్లేసరికి పెట్టె దించేశారు. ఆడవాళ్లకి చేతులు కడుక్కునే సమయం దొరకలేదు. మోచేతుల దాకా గుజ్జు పచ్చగా, జిగటగా ఉంది. ఒక్కొక్కరే వంగి పిడికెడు ఎర్రమన్ను తీసుకున్నారు. వేయబోతే మన్ను వేళ్లకు అంటుకుపోయి రాలలేదు. గుంత అంచున నిలబడి, ఒక చేత్తో ఇంకో చేతిని మెల్లగా తుడుస్తూ, అంటిన మన్నంతా ఆమె మీదికి రాల్చారు.