ఎనిమిది దాటకూడదు

మా ఆయన కారవాన్ కొన్నాడని తెలిసిన రోజు నేను ఒంటికాలి మీద లేచాను. కారవాన్ అంటే కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే చక్రాల ఇల్లు. దుబాయ్ అల్ కుసైస్‌లో రెండు గదుల ఫ్లాట్‌లో సర్దుకుంటున్న వాళ్ళకు అదెందుకు చెప్పండి? "ఉన్న ఇల్లు తుడుచుకోలేక చస్తుంటే, నా ప్రాణానికి ఇంకో ఇల్లా?" అని అరిచాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "మనకోసం కాదోయ్, పిల్లకోసం," అన్నాడు. దాంతో నా నోరు మూతపడింది. మూతపడింది గానీ నేను ఒప్పుకోలేదు.

కరోనా వచ్చిన ఏడాది మా అమ్మాయికి షుగర్ బయటపడింది. అప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. పెద్దవాళ్ళకొచ్చే మాత్రల షుగర్ కాదు. రోజుకు నాలుగుసార్లు ఇన్సులిన్ పడాలి, పడకపోతే పిల్ల దక్కదు. ఆ ఇన్సులిన్ నిల్వ రెండు డిగ్రీలకు తగ్గకూడదు, ఎనిమిది దాటకూడదు అని నర్సు చెప్పింది. వాడుతున్న ఇన్సులిన్ పెన్ను మరీ వేడి తగలకుండా చూసుకుంటే ఫ్రిజ్ బయట కూడా నాలుగు వారాలు ఉంటుందని కూడా చెప్పింది. ఆ రెండో ముక్క నా చెవికెక్కలేదు. ఎక్కినా నమ్మేదాన్ని కాదు. ఈ దుబాయ్‌లో బయట అంటే నలభై అయిదు డిగ్రీలు కదా!

ఆ రోజు నుంచి నాకు స్థిమితం పోయింది. కూర్చుంటే లేస్తాను, లేస్తే వంటింట్లోకి పోతాను, ఫ్రిజ్ తలుపు తీసి మందుల డబ్బా ముట్టుకుని చూస్తాను. పప్పు మాడినా పట్టించుకునేదాన్ని కాదు. కాలుగాలిన పిల్లిలా ఆ రెండు గదుల్లో ఎన్ని మైళ్ళు తిరిగానో నాకే తెలియదు.

ఒకసారి ఫుజైరాలో సముద్రం ఒడ్డున హోటల్‌కి వెళ్ళాం. గదిలో చిన్న ఫ్రిజ్ ఉంది కదా అని ధైర్యం చేశాను. సముద్రం చూసి వచ్చేసరికి ఫ్రిజ్ వెచ్చగా ఉంది. తలుపు పక్కన గోడలో పెట్టే తాళం కార్డు తీసేస్తే గదిలో కరెంటంతా ఆగిపోతుందట, ఆ సంగతి మాకెవరు చెప్పారు? ఆ సాయంత్రమే సామాను సర్దించి వెనక్కి తీసుకొచ్చేశాను. దారి పొడవునా పిల్ల కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత రెండేళ్ళు దాన్ని ఒక్క రాత్రి కూడా బయట పడుకోనివ్వలేదు. స్నేహితురాళ్ళ ఇంట్లో కాదు, స్కూలు క్యాంపుకి కాదు, ఎక్కడా కాదు.

అందుకే ఈ కారవాన్. "మన ఫ్రిజ్ మనతోనే వస్తుంది, ఇంక నీకేం అభ్యంతరం?" అన్నాడు ఆయన. పిల్ల నా కొంగు పట్టుకుంది. "అమ్మా, ఒక్క రాత్రి. ఎడారిలో, ఇసుక దగ్గర. ఒక్క రాత్రి ఈ ఇంట్లో కాకుండా పడుకుంటాను."

నేను షరతు పెట్టాను. ఆ బండిలో ఫ్రిజ్ రెండు రోజులపాటు ఎనిమిది దాటకుండా ఉంటే వెళ్దాం. దాటిందా, ఆ మాట మళ్ళీ ఎత్తకూడదు. ఇద్దరూ సరే అన్నారు.

బండిని పారిశ్రామిక వాడలో ఒక గ్యారేజీ ఆవరణలో పెట్టారు. మొదటి రోజు నేనే వెళ్ళి శుభ్రం చేశాను. ఫ్రిజ్ తలుపుకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాను. నైఫ్ బజారులో గజాల లెక్కన కొనుక్కొచ్చిన పూల ప్లాస్టిక్ మ్యాట్లు షెల్ఫుల మీద పరిచాను. మా ఇళ్ళలో కొత్త ఫ్రిజ్ వస్తే చేసే మొదటి పని అదేగా. చుక్క పడినా తుడుచుకోవచ్చు, గీతలు పడవు. ఫ్రిజ్ లోపల వెనక గోడకు అల్యూమినియం రెక్కలు వరసగా ఉన్నాయి, చూడ్డానికి అసహ్యంగా. మ్యాట్లలో మిగిలిన ముక్కను కత్తిరించకుండా, వాటి మీదికి మలిచి నీటుగా కప్పేశాను. నా పనితనం చూసి నేనే మురిసిపోయాను.

నీళ్ళ సీసాలు పెట్టి, లోపల థర్మామీటర్ పెట్టి, ఒక రోజంతా ఆన్ చేసి ఉంచారు. పదమూడు చూపించింది.

మా ఆయన ఆఫీసులో లెక్కలు చూసే మనిషి, స్క్రూడ్రైవర్ ఎటు పట్టుకోవాలో కూడా తెలియదు. అలాంటివాడు వీడియోలు చూసి చూసి ఫ్రిజ్ పండితుడైపోయాడు. "ఇందులో కంప్రెసర్ ఉండదోయ్. వెనక వేడి పుట్టిస్తే లోపల చల్లబడుతుంది," అన్నాడు. "నిప్పు పెట్టి చల్లబరుస్తారా? మీ తెలివి తెల్లారినట్టే ఉంది," అన్నాను. ఆయన నవ్వాడు. రెండు బుల్లి ఫ్యాన్లు కొనుక్కొచ్చి, ఫ్రిజ్ వెనక, బండి గోడకున్న జాలీ లోపల బిగించాడు. శుక్రవారాలన్నీ ఆ ఎండలోనే. మెడ వెనక చర్మం కమిలి ఊడింది. పదకొండుకి దిగింది.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. పదకొండు అని ఫోన్లో చెప్పగానే నాకు హాయిగా అనిపించింది. "అయ్యో, పాపం!" అన్నాను పైకి. లోపల మాత్రం ఈ వారం కూడా పిల్ల నా కళ్ళెదుటే ఉంటుంది కదా అనుకున్నాను. ఆ హాయి ఒక గంట కూడా నిలవలేదు, మళ్ళీ లేచి తిరగడమే.

చివరికి గ్యారేజీలో పనిచేసే ఏసీ మెకానిక్‌ను పిలిచాడు. జగిత్యాల వైపు మనిషి, నా వయసే ఉంటుంది. ఆ శుక్రవారం ముగ్గురమూ వెళ్ళాం. అతను బండి వెనక జాలీ ఊడదీసి, తల లోపలికి దూర్చి, టార్చి వేసి చూశాడు.

"అన్నా, ఫ్యాన్లు మంచిగనే పెట్టినవ్. గని ఎనక జాగ ఎక్కువైంది. గాలి సందులకెల్లి ఉత్తగ పోతుంది, పైపులకు తగుల్తలేదు. రేకు అడ్డం పెడితే ఖలాస్. కింది జాలీలకెల్లి గాలి రావాలె, ఏడి పైపులను రాసుకుంట మీదికెల్లి బయటికి పోవాలె," అన్నాడు. అన్నట్టే రేకు కత్తిరించి వంచి బిగించాడు. మట్టం పెట్టి చూసి, బండి ఒక పక్కకు వాలి ఉందని చక్రం కింద చెక్క పెట్టించాడు. వాలి ఉంటే ఈ రకం ఫ్రిజ్ పని చేయదట.

పని అయ్యాక చేతులు తుడుచుకుంటూ నా వైపు తిరిగాడు. "లోపట గూడ గట్లనే అక్కా. ఎనక రెక్కలుంటయ్ గద, గాలి వాటికి తగలాలె, షెల్ఫుల సందుల నుంచి కిందికి మీదికి తిరగాలె. లోపట అడ్డం ఏం లేదు గదా?"

"ఏం లేదు," అన్నాను.

అలవాటుగా అనేసిన మాట అది. అన్న మరుక్షణమే పూల మ్యాట్లు కళ్ళ ముందు మెదిలాయి. షెల్ఫులన్నీ అంచుల దాకా మూసేసి, రెక్కలకు కూడా ముసుగు వేసింది నేనే. నోరు తెరిస్తే ఒక్క నిమిషం పని. నా మాట నమ్మి అతను తలుపు తీయనే లేదు. పరాయి ఇంటి ఆడవాళ్ళు సర్దుకున్న ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టడం అతనికి మర్యాద కాదు. మా ఆయనకేమో ఇరవై ఏళ్ళుగా ఇంట్లో ఆ మ్యాట్లు చూసి చూసి అలవాటైపోయింది. థర్మామీటర్‌ను వాటి మీదే పెట్టాడు, అయినా ఆయన కళ్ళకు అవి ఆనలేదు.

నేను నోరు తెరవలేదు. మర్నాడు తొమ్మిదిన్నర చూపించింది.

"ఇంక నావల్ల కాదు," అన్నాడు మా ఆయన. ఆ రోజు ఆయన గొంతులో మొదటిసారి ఓటమి విన్నాను. బండిని అమ్మకానికి పెట్టాడు. వచ్చే శుక్రవారం ఎవరో చూడ్డానికి వస్తామన్నారు. పిల్ల ఏడ్చి గోల చేస్తుందనుకున్నాను, చేయలేదు. అలవాటు కావాలని నెల రోజులుగా హాల్లో నేల మీద స్లీపింగ్ బ్యాగులో పడుకుంటోంది. దాన్ని చుట్టి, స్టూలెక్కి అటక మీద పెట్టేసింది. దిగి వచ్చి, "అమ్మా, హోంవర్కు ఉంది," అని లోపలికి వెళ్ళింది.

ఆ వారం నేను తిన్న తిండి ఒంటికి పట్టలేదు. చెబుదామని ఆయన దగ్గరికి వెళ్తాను, ఉప్పు సరిపోయిందా అని అడిగి వచ్చేస్తాను. పిల్ల జడ వేస్తూ చెబుదామనుకుంటాను, చిక్కు తీయడంలో పడతాను. ఎడారిలో ఇన్సులిన్ వేడెక్కితే? ఆస్పత్రి గంటన్నర దూరమైతే? ఇలా నన్ను నేను సమర్థించుకుంటూనే, ఛీ, ఏం బతుకు ఇది, అని నన్ను నేనే తిట్టుకుంటూ ఇల్లంతా తిరిగాను. గురువారం పొద్దున ఇద్దరూ వెళ్ళిపోయాక ఇక ఆగలేకపోయాను. టాక్సీ ఎక్కి గ్యారేజీకి పోయాను.

మెకానిక్ నన్ను చూసి కంగారు పడ్డాడు. "ఏమైందక్కా? పాప మంచిగున్నదా?"

"బాగానే ఉంది. బండి తాళం ఇవ్వు తమ్ముడూ," అన్నాను. ఫ్రిజ్ తెరిచి మ్యాట్లన్నీ లాగి కింద పడేశాను. అతను వాటి వంకా, నా వంకా చూశాడు.

"అయ్యో అక్కా, దీనికి దుప్పటి కప్పిన్రా మీరు? గాలెట్ల ఆడుతది?" అని నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి అతనికి అర్థమైంది. నవ్వు ఆపి, కింద పడ్డ మ్యాట్లు ఏరి చుట్టాడు. "నేను అన్నకు ఏం చెప్ప. గని అన్న ఎండల మస్తు మాడిండక్కా," అన్నాడు. సీసాలు ఒకదానికొకటి ఆనకుండా దూరం దూరంగా సర్ది, తలుపు మూసి ఆన్ చేశాడు. మర్నాటికి నాలుగు చూపించింది.

శుక్రవారం బండి చూడ్డానికి వచ్చినవాళ్ళను మా ఆయన గ్యారేజీ గేటు దగ్గర్నుంచే పంపేశాడు. "రేకు కుదురుకోవడానికి వారం పట్టిందోయ్!" అని పొంగిపోయాడు. ఆయన చేసింది వృథా ఏమీ కాదు. వెనక ఆ ఫ్యాన్లూ రేకూ లేకపోతే లోపల నాలుగు వచ్చేది కాదని మెకానిక్ తర్వాత చెప్పాడు. రెండు రోజులు గడిచాయి. ఎనిమిది కాదు కదా, అయిదు కూడా దాటలేదు.

నవంబరులో వెళ్ళాం. ఊరికి దూరమైనా రోడ్డు కనబడే చోటే కావాలన్నాను, అక్కడే ఆపారు. రాత్రి పిల్ల బయట గుడారంలో వాళ్ళ నాన్న పక్కన పడుకుంది. తెల్లారి లేచి ఇసుకలో దొర్లింది. మధ్యాహ్నం కారవాన్ నీడలో నేను పులిహోర కలుపుతుంటే వెనక నుంచి వచ్చి మెడ చుట్టూ చేతులు వేసింది.

"థాంక్స్ అమ్మా. నువ్వు ఒప్పుకోకపోతే రాలేకపోయేవాళ్ళం."

ఆ మాటకు నేను తట్టుకోలేకపోయాను. మ్యాట్ల సంగతి చెప్పాను. మెకానిక్ అడిగినప్పుడు నేనేమన్నానో చెప్పాను. తెలిసీ ఆరు రోజులు నోరు మూసుకున్నానని చెప్పాను. మెడ చుట్టూ ఉన్న చేతులు మెల్లగా వదులయ్యాయి.

"నేను స్లీపింగ్ బ్యాగ్ పైన పెట్టేసిన రోజుకే నీకు ఈ సంగతి తెలుసా?"

"తెలుసు. భయమేసిందే, బంగారం..."

"నేను బాగుండాలని ఆపావా, ఇంట్లోనే ఉండాలని ఆపావా?"

రెండూ నిజమే. రెండేళ్ళలో అవి నాకు ఒకటే అయిపోయాయి. పదకొండేళ్ళ పిల్లకు ఆ తేడా తెలిసింది, నాకు తెలియలేదు.

అన్నానికి ముందు ఇంజక్షన్ వేళయింది. అన్నాళ్ళూ నేనే వేసేదాన్ని. అది చొక్కా అంచు పైకెత్తి ఎటో చూస్తూ నిలబడేది. ఆ రోజు తనే వెళ్ళి పెన్ను తెచ్చుకుంది. నేను చేతులు తుడుచుకుని దగ్గరికి వెళ్ళేసరికి నాకు వీపు తిప్పి నిలబడింది. పెన్ను తిప్పుతున్న చప్పుడు వినిపించింది. "ఎన్ని వేస్తున్నావే?" అన్నాను. "నాకు తెలుసు," అంది. పది దాకా లెక్కపెట్టుకుని, సూది తీసి డబ్బాలో వేసి, నా పక్కనుంచే నడిచి వాళ్ళ నాన్న దగ్గరికి పోయింది.

ఇప్పుడు దానికి పద్నాలుగేళ్ళు. కొండల్లో క్యాంపులకు పోతుంది, స్నేహితురాళ్ళ ఇళ్ళలో ఉంటుంది. మాతో బాగానే ఉంటుంది, నవ్వుతుంది, నా వంటకు వంకలు పెడుతుంది. షుగర్ నాకంటే బాగా చూసుకుంటుంది. ఎన్ని యూనిట్లు వేసుకుందో మాత్రం వాళ్ళ నాన్నకే చెబుతుంది. నేను ఆయన్ని అడిగి తెలుసుకుంటాను.