మెట్టు మీద గాటు: ఖమ్మం నుంచి పర్ణశాల దాకా ఒక రోజు

పర్ణశాలకు అందరూ దర్శనానికి వెళ్తారు. నేనూ ఇంట్లో అదే చెప్పి బయల్దేరాను. నిజానికి నేను వెళ్లింది ముత్తయ్య మేస్త్రిని చూడడానికి. నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి. దారి వివరాలు మాత్రం గుర్తున్నవి గుర్తున్నట్టే రాస్తున్నాను, వెళ్లాలనుకునే వాళ్లకు పనికొస్తాయి.

ఇది తొంభైల మొదట్లో సంగతి. మాది బోనకల్ దగ్గర వ్యవసాయ కుటుంబం. పొలం కొంత అమ్మి ఖమ్మంలో ఒక ఇరుకు గల్లీలో చిన్న జాగా కొన్నాం. మా ఆయన ఎరువుల కొట్టు పెట్టాడు. ఇల్లు కట్టడానికి వచ్చిన సుతారి, అంటే తాపీ మేస్త్రి, ముత్తయ్య. అతనికొక పద్ధతి ఉండేది. గోడ మీది నుంచి దారానికి కట్టిన ఇనుప గుండు వదిలి, అది ఎక్కడ ఆగితే అక్కడ ఇంటి ముందు మెట్టు రాయి మీద ఉలితో ఒక గాటు పెట్టేవాడు. "అమ్మా, ఇది మీ హద్దు. పైకి ఎంత పోయినా గోడ గానీ సజ్జ గానీ ఈ గాటు దాటి బయటికి రావొద్దు" అన్నాడు. కింద రెండు అంతస్తులు అట్లాగే కట్టాడు. మూడోది లేపేటప్పుడు నాకు ఆశ పుట్టింది. గల్లీలో అందరూ పైన మూడడుగులు ముందుకు జరిపి బాల్కనీల్లా గ్యాలరీలు దింపుకుంటున్నారు. నేనూ దింపమన్నాను.

"ఇంకొంచెం ముందుకు జరుపు మేస్త్రీ. గాలిలో ఉన్నదానికి హద్దేంది?"

"గాలిలోనే కరెంటు తీగలున్నయ్ అమ్మా" అన్నాడు.

"ఎప్పుడూ పూరిపాకల్లో ఉండెటోనికి అంతస్తుల సంగతి ఏం తెలుస్తది" అన్నాను నేను, కూలివాళ్లందరూ వింటుండగా. అతను పనిముట్ల సంచి భుజాన వేసుకుని దిగిపోయాడు. వేరేవాళ్లతో స్లాబు పోయించాను. గృహప్రవేశం రోజు ఇల్లు నిలబెట్టిన మేస్త్రికి బట్టలు పెట్టడం మాలో ఆనవాయితీ. అతన్ని పిలవనే లేదు. ఆ తర్వాత ప్రతి పొద్దున్నా మెట్టు కడిగి, ఆ గాటు కనిపించకుండా దాని మీదే ముగ్గు వేసేదాన్ని.

ఆ రోజుల్లోనే మా వార్డులో మీటింగు పెట్టారు. ఇరుకు గల్లీల్లో రెండంతస్తులు మించి కట్టనీయొద్దని కొందరు, కట్టుకోనీయాలని కొందరు. నేను లేచి "జాగా నాది, కష్టం నాది, పైన ఆకాశం మాత్రం మీదెట్లయితది?" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు వారం రోజుల దాకా వినిపించాయి.

నాలుగు నెలలకు నా కొడుకు మురళి, ఇంటర్ రెండో సంవత్సరం, ఆ గ్యాలరీలోనే టీవీ యాంటెన్నా పైపు తిప్పుతుంటే అది తీగకు తగిలింది. అంతకంటే రాయలేను. శవం ఇంట్లో ఉండగానే కరెంటు ఆఫీసు వాళ్లొచ్చి, ఇంత ముందుకు ఎవరు జరిపారని అడిగారు. "ముత్తయ్య మేస్త్రి తప్పు కొలిచిండు" అన్నాను. నా నోటితోనే అన్నాను. ఏడుస్తున్న తల్లి మాటను ఎవరు కాదంటారు? మూడో అంతస్తు స్లాబు పోసిన రోజు ముత్తయ్య అక్కడ లేడని ఎవరూ అడగలేదు. తర్వాత ఖమ్మంలో అతన్ని పనికి పిలిచేవాళ్లే లేకపోయారు. భార్యను తీసుకుని, ఆమె పుట్టిన ఊరు పర్ణశాలకు వెళ్లిపోయాడని విన్నాను. విని ఊరుకున్నాను.

మురళి సంవత్సరీకం అయిన వారానికి మా వార్డు పెద్దమనిషి ఇంటికొచ్చాడు. "అక్కా, సోమవారం మళ్లా మీటింగు. తప్పు అంతస్తులది కాదు, కొలత తెల్వని సుతారోళ్లదని నువ్వొక్క మాట చెప్తే చాలు. తల్లి మాట ఎవరు తీసేస్తరు?" అన్నాడు. సరే అన్నట్టు తల ఊపాను. ఆ రాత్రి అదే అబద్ధం మళ్లీ చెప్పలేననిపించింది. శనివారం పొద్దున్నే ఒక సంచిలో పంచె, తువ్వాలు, చీర పెట్టుకుని బయల్దేరాను.

ఐదున్నరకు ఖమ్మం బస్టాండుకు చేరేసరికి భద్రాచలం పోయే సూటి బస్సు వెళ్లిపోయింది. ఇల్లందు మీదుగా కొత్తగూడెం పోయేది ఎక్కాను. ఇల్లందు దాటి టేకులపల్లి వచ్చేసరికి రెండు వైపులా అడవి దగ్గరకొస్తుంది. కిటికీలోంచి చల్లటి గాలి, తడి ఆకు వాసన. సంతకు పోయే ఆడవాళ్లు గంపలతో ఎక్కి, నాకు అర్థం కాని వాళ్ల భాషలో నవ్వుకుంటూ రెండు ఊళ్ల తర్వాత దిగిపోయారు. కొత్తగూడెంలో బస్సు మారాలి. అక్కడ ఇడ్లీ, టీ దొరుకుతాయి. భద్రాచలం దాకా రెండు టిక్కెట్లూ కలిపి అప్పట్లో పాతిక రూపాయల లోపే.

కొత్తగూడెంలో ఎక్కిన బస్సులో నా ముందు సీట్లో ఇద్దరు ఖమ్మం వాళ్లు కూర్చున్నారు. ఒకాయన బట్టల వ్యాపారి, ఇంకొకాయన రిటైరైన ఓవర్సీయరు. వాళ్లెవరో వాళ్ల మాటల్లోనే తెలిసింది.

"గల్లీ ఎంత వెడల్పుంటే ఇల్లు అంతే ఎత్తుండాలె. లేకుంటే కింద ఎండ పడదు, ఫైరింజను రాదు" అన్నాడు ఓవర్సీయరు.

"నీకేం సార్, పింఛనొస్తది, ఊరి బయట జాగా ఉన్నది. నలుగురు కొడుకులున్నోడు పైకి పోక ఎటు పోతడు? ఊరు పెరిగితే భూమి సాగుతదా?"

"పైకి పొమ్మను, ఎవరొద్దన్నరు? పైకి పోయినోడు పక్కకు గూడ పోతున్నడు. తీగల మీద పడుతున్నరు."

"గా పిల్లగాని సంగతి చెప్తున్నవా? అది సుతారోని తప్పు సార్. తాగి కొలిచిండట. తల్లే చెప్పింది."

తాగి కొలిచాడని నేను అనలేదు. నేను అన్నదానికి ఊరు కాళ్లూ చేతులూ పెట్టి పంపింది. ముందుకు వంగి "కాదు" అనాలి. ఒక్క మాట. సంచిని ఒళ్లో గట్టిగా పట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. పాల్వంచ పోయింది, సారపాక పోయింది, గోదావరి వంతెన వచ్చింది. అందరూ నదికి దండం పెట్టారు. నాకు చేతులు లేవలేదు.

పది దాటాక భద్రాచలంలో దిగాను. పర్ణశాల బస్సు పదకొండింటికి ఉంది, దానికే వెళ్లాల్సింది. కానీ భయం. గోదావరిలో స్నానం చేశాను, దర్శనం చేసుకున్నాను. మెట్లు దిగి వచ్చేసరికి బస్సు వెళ్లిపోయింది. లోపల సంతోషమే అయింది, అదీ రాయాలి. ఒక మెస్సులో భోజనానికి కూర్చున్నాను. పప్పు, వంకాయ కూర, మజ్జిగ, కడుపు నిండా పెడతారు. వడ్డిస్తున్న వంటామె ఎదురుగా లేస్తున్న లాడ్జి వైపు చెయ్యి చూపించింది.

"చూసినవా అక్కా? ఇంకో అంతస్తు లేస్తే మా వాకిట్ల నుంచి గోపురం కనపడదు. మా అత్త పొద్దున లేవంగనే దానికి మొక్కి గాని నీళ్లు తాగదు. అడిగితే ఆ ఓనరు, మేడెక్కి మొక్కుకొమ్మను, కిరాయి అడగనంటడు!" అని నవ్వింది. "నీ మొఖం గిట్ల ఉన్నదేంది? కూర కారమా?"

"అవ్, కారమే" అన్నాను.

పన్నెండున్నర బస్సుకు పర్ణశాల బయల్దేరాను. దుమ్ముగూడెం మీదుగా గంటంబావు పడుతుంది, టిక్కెట్టు ఐదారు రూపాయలు. దారిలో అక్కడక్కడ నది కనిపిస్తూ మాయమవుతూ ఉంటుంది. డ్రైవరు "తిరుగు బస్సు మూడింటికి. దాని తర్వాత ఇంకోటి ఉంటదని నమ్మొద్దమ్మా" అని రెండుసార్లు చెప్పాడు. దిగేసరికి రెండు కావస్తోంది.

ముత్తయ్య ఇల్లు అడిగితే గుడి వెనక నది వైపు చూపించారు. తడికలకు మట్టి మెత్తిన గోడలు, తాటాకు కప్పు. అంత చిన్న ఇంటికి కూడా వాకిట్లో ఒక రాయి పాతి, దాని మీద ఉలి గాటు పెట్టి ఉంది. చూరు సరిగ్గా ఆ గాటు మీదికొచ్చి ఆగింది. అతని భార్య నాగమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. తలెత్తి నన్ను గుర్తుపట్టింది.

"ఏంది దొరసానీ, మా ఇల్లు ఎన్నంతస్తులో లెక్క పెట్టవచ్చినవా?"

నేను వంగకపోతే ఆ చూరు కిందికి పోలేను. వంగే నిలబడ్డాను. ముత్తయ్య లోపలి నుంచి వచ్చాడు. చేతులకు సున్నం. జుట్టు బాగా నెరిసింది. "కూర్చో అమ్మా. నాగమ్మా, నీళ్లియ్యి" అన్నాడు.

నేను సంచిలోంచి బట్టలు తీశాను. "అప్పుడు పెట్టలేదు మేస్త్రీ..."

నాగమ్మ చేట కింద పెట్టింది. "బట్టలతోని నోరు కట్టేస్తవా? తాగి కొలిచిండని ఊరంతా అంటే, నా పెనిమిటి బజార్ల తలకాయెత్తి నడవలే. ఇరవై ఏండ్లు నీ ఖమ్మంల గోడలు లేపిండు. ఒక్కటన్న ఒరిగిందా? చెప్పు!"

"ఒరగలే" అన్నాను. అప్పుడు వచ్చింది నోట్లోంచి. "తప్పు నాది. వద్దంటే ముందుకు జరిపించింది నేను. ఆ రోజు గూడ టీవీ ముందర కూర్చుని పైకి కేకేసింది నేనే. బొమ్మ సరిగ్గ వస్తలేదు, ఇంకొంచెం తిప్పు బిడ్డా, ఇంకొంచెం అని. ఇప్పటిదాక ఎవరికీ చెప్పలే. వాళ్ల నాయనకు గూడ చెప్పలే. ఎవరో ఒకరి మీద పడెయ్యకుంటే ఆ రోజు నాకు ఊపిరి అందేటట్టు లేకుండె. నీ పేరు నోటికి దగ్గరుండె. సోమవారం మీటింగుల మళ్లా అదే చెప్పుమన్నరు, తల ఊపిన."

నాగమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. మనసు కరిగిందని అనుకోకండి. "పిల్లగాడు మంచోడు. పనికాడికి మాకు సల్ల తెచ్చేటోడు" అని మళ్లీ చేట అందుకుంది. నాకు నీళ్లు మాత్రం ఇవ్వలేదు.

ముత్తయ్య అడిగాడు, "గాటు ఉన్నదా అమ్మా మెట్టు మీద?"

"ఉన్నది. దాని మీద ముగ్గేస్తున్న."

అతను తల వంచుకున్నాడు. ఆ మాట నేను అన్న అన్ని మాటల కంటే అతనికి ఎక్కువ తగిలినట్టుంది. బట్టలు మడత చెదరకుండా నా సంచిలోనే పెట్టాడు. "ఇల్లు నిలబెట్టినోనికి పెట్టాలె ఇవి. నేను మధ్యల దిగిపోయినోణ్ని. ఇంకా గట్టిగ అడ్డం పడితే పిల్లగాడు బతికెటోడేమో, నాకూ ఆ బాధ ఉన్నది. సోమవారం మీటింగుల నాకు చెప్పిందే అక్కడ చెప్పు. గ్యాలరీని గాటు దాకా కొట్టేయించు. గప్పుడు కబురు పెట్టు, నేనొచ్చి అంచు సాపు చేస్త. బట్టలు గప్పుడు తీసుకుంట."

మూడు కావస్తోందని అతనే తొందర పెట్టాడు. పరుగెత్తినట్టే బస్సెక్కాను. పర్ణశాల దాకా వచ్చి అక్కడి గుడి లోపలికి పోలేదు, బస్సులోంచే చేతులెత్తాను. ఈసారి లేచాయి.

భద్రాచలంలో ఖమ్మం బస్సెక్కితే బట్టల వ్యాపారి మళ్లీ ఉన్నాడు, పక్కన మూటలు. సీటు ఇస్తూ "దర్శనం బాగయిందా అక్కా?" అని అడిగాడు.

"పొద్దున నువ్వు చెప్పిన పిల్లగాని తల్లిని నేనే, అన్నా" అన్నాను. "మేస్త్రి తాగలే. ఆయన ఆ రోజు అక్కడ లేనే లేడు. వద్దన్నడు. నేనే జరిపించిన."

చుట్టుపక్కల వాళ్లు తిరిగి చూశారు. పాల్వంచ దాకా నన్నెవరూ పలకరించలేదు. ఖమ్మంలో నేను దిగేటప్పుడు మాత్రం ఆ వ్యాపారి తన మూట పక్కకు జరిపి నాకు దారి ఇచ్చాడు.

సోమవారం మీటింగుకు ముందు మా ఆయనకు అంతా చెప్పాను. ఆ తర్వాత అక్కడ చెప్పాను. చప్పట్లు లేవు. అంతస్తులు ఎన్నుండాలో ఆ రోజూ తేలలేదు. ఇప్పటికీ మా గల్లీలో ఆ వాదన తేలలేదు, ఇళ్లు మాత్రం లేస్తూనే ఉన్నాయి. పైకి పోవడం తప్పని నేను ఈనాటికీ అనను, జాగా లేనివాళ్ల బాధ నాకు తెలుసు. నా తప్పు ఎత్తులో లేదు. నాది కాని మూడడుగులు నాదనుకున్నాను, నాదైన తప్పును ఇంకొకరిదన్నాను. గ్యాలరీ కొట్టేయించాక ముత్తయ్య వచ్చి రెండు రోజులు అంచు సాపు చేశాడు. మెట్టు దగ్గర గుండు వదిలి చూపించాడు, గాటు మీద కదలకుండా నిలబడింది. బట్టలు తీసుకున్నాడు. నాగమ్మ రాలేదు, చీర ఇంకా నా పెట్టెలోనే ఉంది. ఇప్పుడు ముగ్గు గాటుకు ఇవతల వేస్తున్నాను. సిగ్గు పోలేదు, పోవాలని కూడా కోరుకోవడం లేదు.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. పర్ణశాలకు పొద్దున మొదటి బస్సుకే వెళ్లండి, తిరుగు బస్సు వేళ దిగగానే అడిగి పెట్టుకోండి. అక్కడ మీరు ఎవరికైనా చెప్పుకోవాల్సిన మాట ఉంటే ముందు ఆ గుమ్మానికే పోండి, స్నానం, దర్శనం, భోజనం తర్వాత చూసుకోవచ్చు. నేను అన్నీ ముందు పెట్టుకుని వెళ్లాను. ఏడాది ఆలస్యమైన మాటకు నాకు మిగిలింది ఒక్క గంట.