నీళ్ళు పట్టే ఊరు

సంగవి చెన్నైలో ఏం చదువుతోందని కోవిల్‌పట్టిలో ఎవరు అడిగినా వాళ్ళ నాయిన పొన్నుసామి ఒకే జవాబు చెప్పేవాడు.

"ఊర్లు చదువుతా ఉండాది."

అగ్గిపెట్టెల కంపెనీలో పుల్లలకు మందు అద్దే చోట ఆయన మేస్త్రీ. తోటివాళ్ళు ఊరికే వదిలే రకం కాదు. "ఊర్లని చదివేదానికి ఏముండాది పొన్నుసామీ? మా వీధి కాలవ ఏల పొర్లుతా ఉండాదో చదివి చెప్పమను, చూస్తాం!" అనేవాళ్ళు.

"అదీ చెప్తాది. తొందరపడబాకండి" అనేవాడాయన.

కూతురి మీద ఆయనకు నమ్మకం. కూతురికి తన మీద అంతకంటే ఎక్కువ నమ్మకం.

సివిల్ ఇంజనీరింగ్ ముగించాక సంగవి నగర, ప్రాంతీయ ప్రణాళికలో పరిశోధన ఎం.ఎస్.లో చేరింది. పరీక్షలు రాసేసి బయటపడే చదువు కాదది. ఒక ప్రశ్నను పట్టుకోవాలి, చెప్పులరిగేదాకా దాని వెంట తిరగాలి, దొరికిన జవాబును తలపండినవాళ్ళ ముందు నిలబెట్టాలి. సంగవి పట్టుకున్న ప్రశ్న చిన్నప్పటినుంచి బస్సు కిటికీలోంచి చూస్తూ వచ్చిందే. కోవిల్‌పట్టి ఒక జిల్లాలో ఉంది, విరుదునగర్ ఇంకో జిల్లా. ఆమె చూసిన మ్యాపుల్లో ఒక్కో పట్టణం చుట్టూ ఒక్కో గుండ్రం గీసి ఉంటుంది. జిల్లా గీత దగ్గరికి రాగానే రంగు ఆగిపోతుంది. మనుషులు మాత్రం ఆగరు. కోవిల్‌పట్టిలో కాపురముంటూ విరుదునగర్ జిల్లాలోని తాయిల్పట్టి బాణసంచా కంపెనీకి పోయే ఆడవాళ్ళు, రోగిని తీసుకుని విరుదునగర్ ఆసుపత్రికి పోయేవాళ్ళు, విళాత్తికుళం మిరపకాయలు ఎత్తుకుని అక్కడి మండీకి పోయేవాళ్ళు, అందరూ ఆ గీతను చూడకుండానే దాటేస్తారు. కాబట్టి ఇదంతా ఒకే ప్రాంతం, దీనికి ఒకే ప్రణాళిక ఉండాలి, పనివేళలకు తగ్గట్టు బస్సులు నడపాలి. ఇదీ ఆమె వాదం.

ఆమె గైడు ముత్తురామన్ మంచివాడే గాని అతిజాగ్రత్త మనిషి. "నీకు తెలిస్తే చాలదమ్మా, కమిటీకి తెలియాలి" అన్నాడు. "బస్టాండులో మనుషుల్ని అడుగు. ఎక్కడినుంచి ఎక్కడికి పోతున్నారో మ్యాపు మీద గీతలు గీసి చూపించు. కమిటీ ఒప్పుకోకపోతే ఈ అంశం వదిలేద్దాం. మెట్రో రైలు దారి పక్కన ఇళ్ళ మీద పని సిద్ధంగా ఉంది, అది తీసుకుందువు."

మెట్రో రైలు మీద సంగవికి కోపమేమీ లేదు. అది చేయడానికి మనుషులున్నారు. కోవిల్‌పట్టి బస్టాండులో ఎండలో నిలబడే పని తను వదిలేస్తే ఇంకెవరూ పట్టుకోరని ఆమెకు తెలుసు.

సెలవు పెట్టి ఊరికి వచ్చి, పొద్దున్నే ప్రశ్నల కాగితాలు పెట్టిన అట్ట చేతబట్టుకుని బస్టాండులో నిలబడింది. ప్రశ్నలు తమిళంలో ఉన్నాయి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. అక్కడి తెలుగువాళ్ళ ఇళ్ళల్లో పిల్లలు నడక నేర్చేటప్పుడే ఈ అలవాటూ నేర్చేసుకుంటారు. మొదటి ప్రశ్న, మీది ఏ ఊరు? రెండోది, ఎక్కడికి పోతున్నారు? జనం విసుక్కోకుండా చెప్పారు.

ఒకనాడు తాయిల్పట్టి బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్ళ గుంపులో మేనత్త ఇసక్కియమ్మాళ్ కనిపించింది. అత్త ఇల్లు తమ ఇంటికి రెండిళ్ళ అవతలే. సంగవి నవ్వు ఆపుకుని, అందరినీ అడిగినట్టే తమిళంలో అడిగింది. అత్త కూడా టిఫిను సంచి చంకలోకి సర్దుకుని, కోర్టులో సాక్ష్యం చెబుతున్నంత గంభీరంగా జవాబిచ్చి బస్సెక్కింది. గుంపంతా పకపక నవ్వింది.

గీతలన్నీ గీశాక మ్యాపు ముచ్చటగా వచ్చింది. విళాత్తికుళం నుంచి, ఏళాయిరంపన్నై నుంచి లావాటి గీతలు కోవిల్‌పట్టికి వచ్చి, అక్కడినుంచి నలువైపులకూ చీలిపోతున్నాయి. గైడుకు పంపితే "భేష్, ఇది కమిటీ ముందు నిలుస్తుంది" అన్నాడు. సంగవి పొంగిపోయింది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు ఇద్దరూ సంబరపడ్డారే గాని, గీతల వెంట వేలు పెట్టి ఎవరూ నడవలేదు.

మర్నాడు సంగవి నడిచింది. తాయిల్పట్టి దారిలోనే ఉన్న ఏళాయిరంపన్నై నుంచి అక్కడికి పోవాల్సిన మనిషి వెనక్కి కోవిల్‌పట్టికి వచ్చి బస్సెందుకు ఎక్కుతుంది? కాగితాలు వెతికింది. అలా ఎక్కినవాళ్ళలో మేనత్త ఒకతె.

ఆ సాయంత్రం ఇసక్కియమ్మాళ్ వాకిట్లో కూర్చుని చిన్న ఉల్లిపాయలు ఒలుస్తోంది. సంగవి పక్కన చతికిలబడింది.

"అత్తా, నీది ఏ ఊరు?"

"ఏమ్మే, బస్టాండులో అడిగితివే, చెప్తినే! ఏళాయిరంపన్నై."

"ఆడ నీకు ఇల్లుండాదా?"

"లేదు."

"చేను?"

"మీ మామ తాతకే లేదు. మాకేడిది?"

"మరి కడాసిగా ఎప్పుడు పోతివి?"

"శివరాత్రికి. కులదేవత గుడికి పోకుంటే ఎట్ట? అదే కదమ్మే మా ఊరు."

"పెండ్లయిన నాటినుంచి ఈ వీధిలోనే ఉండావు కదా అత్తా!"

"ఉండేది ఈడే, నేను కాదంటినా? కాపురం యాడ అని నువ్వు అడగలే. ఊరు ఏది అంటివి." అత్త ఉల్లిపొట్టు ఊది, "చెన్నైలో ఊరంటే ఇంకొకటా ఏంది?" అంది.

సంగవి తల పట్టుకుని నవ్వింది. హాస్టల్లో చేరిన మొదటిరోజు ఏ ఊరని అడిగితే తను మాత్రం ఏం చెప్పింది? విళాత్తికుళం పక్కన అని. అక్కడ వాళ్ళ కులదేవతకు పొంగలి పెట్టి సాయంత్రం బస్సుకు తిరిగి రావడమే గాని, ఒక్క రాత్రి కూడా ఉండలేదు. ప్రశ్న రాసింది తనే, ఆ ప్రశ్నకు ఇక్కడివాళ్ళు ఏం చెబుతారో తెలిసిందీ తనకే. అయినా అట్ట చేతికి రాగానే మరిచిపోయింది.

వెంటనే గైడుకు ఫోను చేసింది. "సార్, నేను పంపిన మ్యాపు తప్పు."

విషయమంతా విన్నాక ఆయన నిట్టూర్చాడు. "కమిటీ రోజు దగ్గరపడింది సంగవీ. మెట్రోకి మారిపోదామా?"

"వద్దు సార్. తప్పు ప్రశ్నలో ఉంది, ఊర్లో లేదు. మళ్ళీ అడుగుతాను."

మళ్ళీ అడగడం అనుకున్నంత సులువు కాలేదు. కాపురం ఎక్కడని అడిగితే కొందరు మళ్ళీ అత్తవారి ఊరే చెప్పారు. మనిషి ఆ పొద్దున ఎక్కడినుంచి బయల్దేరిందో తెలియాలి. కాబట్టి "రాత్రి ఎక్కడ పడుకున్నారు?" అని ఒకామెను అడిగింది.

"పొద్దుపొద్దున్నే చెప్పు తీయమంటావామ్మే?" అందామె తెలుగులోనే.

"పొద్దున టీ ఎక్కడ తాగారు?" అని మార్చింది. సగం మంది ఎదురుగా ఉన్న టీ కొట్టు వైపు వేలు చూపించారు.

అట్ట సంచిలో పెట్టేసి, ఒక పూటంతా ఊరికే బెంచీ మీద కూర్చుంది. ఇద్దరు ఆడవాళ్ళు కలుసుకుంటే మొట్టమొదట ఏం మాట్లాడుకుంటారో వింటూ ఉంది. ఒక్క పూటలోనే దొరికింది. "మీ వీధికి నీళ్ళు వచ్చినాయా?" తరవాతే మిగతా సంగతులు.

మర్నాటినుంచి ఆమె ప్రశ్న మారింది. "నీళ్ళు ఎక్కడ పడతారు?"

ఇక జనాన్ని ఆపడమే కష్టమైంది. వీధి పేరు, కొళాయి ఎవరింటి ముందుంది, నీళ్ళు ఏయే రోజు వస్తాయి, బిందె వరసలో ఎవరితో తగాదా, అడిగినదానికి పదింతలు చెప్పారు. ఈసారి గీతలు వేరేగా పడ్డాయి. అవి పల్లెల్లో కాదు, కోవిల్‌పట్టి అంచున కొత్తగా లేచిన వీధుల్లో మొదలై, జిల్లా గీతను దాటుకుని తాయిల్పట్టికీ విరుదునగర్‌కూ సూటిగా పోయాయి.

కమిటీ గదిలో సంగవి రెండు మ్యాపులూ పక్కపక్కన పెట్టింది. మొదటిది తప్పుగా అడిగి గీసిందని ముందుగా తనే చెప్పేసింది. ముత్తురామన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకోసాగాడు. కమిటీలో పెద్దావిడ సుధాలక్ష్మి రెండింటినీ తీరిగ్గా చూసింది.

"తప్పని నువ్వే అంటున్నావు. మరి దీన్నెందుకు మోసుకొచ్చావు?"

సంగవి మొదటి మ్యాపు మీద వేలు పెట్టింది. "పొద్దున బస్సుకు తప్పు మేడం. శివరాత్రి బస్సుకు అదే సరి. చాలామందికి రేషన్ కార్డు, ఓటు ఇంకా సొంతూర్లోనే ఉన్నాయి. పెళ్ళికైనా చావుకైనా ఆ గీతల మీదే పోతారు. ఈ మనుషులకు ఊరు ఒకచోట, నీళ్ళు ఒకచోట, పని ఇంకోచోట. మూడూ రెండు జిల్లాల్లో కలగలిసి ఉన్నాయి. ఒక్క పట్టణం చుట్టూ గుండ్రం గీస్తే ఒక మనిషి రోజు కూడా అందులో పట్టదు. అందుకే ఇది ఒక ప్రాంతం అంటున్నాను."

పక్కనున్న ఆయన అడ్డు తగిలాడు. "నువ్వు అడిగింది ఒక్క కోవిల్‌పట్టి బస్టాండులోనే. విరుదునగర్‌లో కూడా ఇలాగే ఉంటుందని ఏం నమ్మకం?"

"నమ్మకం లేదు సార్. అడిగితేనే తెలుస్తుంది. వచ్చే సోమవారం నుంచి అక్కడ నిలబడతాను."

ఆమెను బయట కూర్చోమన్నారు. మళ్ళీ పిలిచినప్పుడు సుధాలక్ష్మి మ్యాపులు చుట్టి ఆమె చేతికిచ్చింది. "ఈ అంశమే చెయ్యి. విరుదునగర్ ముగించుకుని రా. అక్కడ గీతలు ఎదురు తిరిగితే, అదీ దాచకుండా తీసుకురా."

వరండాలో ముత్తురామన్ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "మెట్రో ఇంకెవరికైనా ఇచ్చేస్తానమ్మా."

"ఇచ్చేయండి సార్."

సోమవారం విరుదునగర్ బస్టాండులో ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. మొదట దొరికింది నూనె డబ్బా పక్కన పెట్టుకుని నిలబడ్డ ఒక ముసలాయన. ప్రశ్న విని ఆయన ఎగాదిగా చూశాడు.

"నీళ్ళు యాడ పడతామో నీకేల? కొళాయి వేయిస్తావా?"

"కొళాయి కాదు తాతా, బస్సు కోసం."

"బస్సులో తెస్తావా నీళ్ళు!"

వెనకున్నవాళ్ళు గొల్లుమన్నారు. సంగవి కూడా నవ్వేసింది. ఆయన చెప్పిన వీధి పేరు రాసుకుని, వరసలో తరవాతి మనిషి వైపు తిరిగింది.