వరండాలో కోర్టు

మా పక్కింటి ప్లీడరు తాతగారు పోయారు. మింగళ తౌంగ్‌న్యున్‌ పేటలో మా వీధివాళ్లకు ఆ కబురు టీకొట్టు దగ్గర తెలిసింది. పత్రికల్లో ఒక్క ముక్క వెయ్యలేదు. ఒకప్పుడు ఈ బర్మా దేశపు పార్లమెంటులో కూర్చున్న మనిషి ఆయన. సైన్యం వచ్చి పార్లమెంటు మూసేసి, ఆయన్ను కొన్నాళ్లు జైల్లో పెట్టింది. ఇక్కడ ఆ మాటలు పైకి అనుకోవడం మానేసి చాలా కాలమైంది. ఆంధ్రదేశంలో ఉన్న మీరైనా చదువుతారని రాస్తున్నాను.

జైలు నుంచి వచ్చేసరికి మనిషి సగమయ్యారు. అప్పటికే కొట్లన్నీ సర్కారు పరమై, మనవాళ్లు ఓడలెక్కి వెళ్లిపోతున్నారు. విశాఖపట్నం వచ్చెయ్యమని తమ్ముడు బతిమాలాడు. మా అమ్మ కూడా అడిగింది, "ఎల్లిపోరాదా బాబూ, ఇక్కడింకేటుంది?" అని.

"నువ్వున్నావు గదమ్మా" అన్నారాయన. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఇంట్లోకి వచ్చేసింది.

కోర్టుల్లో ప్లీడర్ల మాట చెల్లని రోజులొచ్చాక, ఆయన తన వరండాలోనే కోర్టు పెట్టారు. ఎవరికైనా గుర్తింపు కార్డుల ఆఫీసు నుంచి పిలుపొస్తే ముందు అక్కడ హాజరు కావాలి. లుంగీ సర్దుకుని, కళ్లజోడు ముక్కు చివరికి దించి, ఆయనే ఆఫీసరయ్యేవారు. బర్మా భాషలో గద్దించి అడుగుతుంటే అసలు ఆఫీసరే నయమనిపించేది. "పాపం, ఆలనేడిపించకండి" అని లోపల్నుంచి ఆయన భార్య కేకేసేది.

అందరిలోకీ మొద్దు మా నాన్న. బోటాటౌంగ్ రేవులో ఎంత బరువైనా మోసేవాడు గానీ, ఆఫీసరు కనిపిస్తే చెమటలు పట్టేవి. పేరడిగితే చేతులు కట్టుకుని ఇంటిపేరుతో మొదలెట్టేవాడు. బర్మావాళ్లకు ఇంటిపేర్లుండవు. పైగా కార్డు మీద ఉన్నది బర్మా పేరు. దొంగపేరుతో ఉంటున్నాడని ఒకసారి కార్డు లాగేసుకున్నారు. అది తిరిగి రాకపోతే మేమూ ఓడెక్కాల్సిందే. నేను పుట్టిందీ, నాన్న పుట్టిందీ ఇక్కడే. ఓడ దిగి ఎవరింటికి వెళ్తాం?

రేవులో పని అయ్యాక రోజూ నాన్నకు వరండాలో పాఠం. "ఇంటిపేరు మనలో మనకి. ఆలకక్కర్నేదు" అనేవారు తాతగారు. "బయమేస్తే ఎయ్యనీ. గొంతు మాత్రం దించకు. నీ నోటితో నువ్వే సెప్పాల." నాన్న మళ్లీ తప్పేవాడు. తాతగారు విసుక్కుంటూనే మళ్లీ ఆఫీసరయ్యేవారు.

విచారణ రోజున ఆయన్ను గదిలోకి రానివ్వలేదు. నాన్నకు కనిపించేలా బయట కిటికీ దగ్గర ఎండలో నిలబడ్డారట. నాన్న తడబడుతూనే చెప్పుకున్నాడు. కార్డు చేతికొచ్చింది. ఇంటికొచ్చి కాళ్ల మీద పడబోతే తాతగారు కసిరారు. "నానేటి సేసాను? మాటాడింది నువ్వు గదా!"

ఆ వరండా ఇప్పుడు ఖాళీగా ఉంది. అటు చూస్తే ఏడుపాగడం లేదు.

నిన్న శవం లేచే వేళకి వీధి నిండిపోయింది. జనాన్ని చూసి వార్డు ఆఫీసు మనిషొకడు పోలీసుతో వచ్చి, "ఎవరీయన? ఇంతమందెందుకు వచ్చారు?" అని నిలదీశాడు. అందరూ తలలు దించుకున్నారు. పాడె ముందువైపు మోస్తున్న నాన్న ఆగాడు. పాడె దించకుండానే, వీధి చివరిదాకా వినిపించేలా బర్మా భాషలో చెప్పాడు.

"మేం ఓటేసి పంపిన మనిషి."