అవ్వ దంచిన సజ్జలు

భుజం పట్టేసిందని వెళితే, ఫిజియోథెరపీ అమ్మాయి నా చేతికి నున్నటి కర్ర ఇచ్చి "ఇంకొక్కసారి ఎత్తండమ్మా" అంది. ఆ కర్ర పట్టుకోగానే ఆత్మకూరు దగ్గర మా ఊళ్లో ఉన్న రోకలి గుర్తొచ్చింది.

పిండిమిషను వచ్చాక కూడా మా అమ్మ అవ్వచేత సజ్జలు దంచించేది. అవ్వ జారిపడితే భుజానికి వేసిన కట్టు విప్పి ఎన్నాళ్లో కాలేదు. రోకలి ఎత్తినప్పుడల్లా మూలిగేది. అమ్మ మాత్రం "ఇంకో పోటు ఎయ్యత్తా" అంటూ పక్కనే నిలబడేది. నా కళ్లకు అమ్మ రాక్షసిలా కనిపించేది. ఒక పొద్దున రోకలిని గడ్డివాములో దాచేశాను.

అవ్వ ఇల్లంతా వెతికి, చివరికి నా మొహం చూసి నా పనేనని కనిపెట్టింది.

"ఏంది మే, రోకలి యాడ దాచినావు? మీ అమ్మకు పిండి కావాలంటే మిషనులో ఆడించుకొస్తాది. నా చెయ్యి బిగుసుకుపోకూడదని దంచమంటా ఉండాది. పోయి తీసుకురా."

అన్నాళ్లూ అవ్వకు తల దువ్వి కొప్పు ముడిచింది అమ్మే. ఎండాకాలం వచ్చేసరికి అవ్వ రెండు చేతులూ వెనక్కి పోనిచ్చి తన కొప్పు తనే ముడుచుకుంది. అమ్మ దువ్వెన పట్టుకుని అలాగే చూస్తూ నిలబడింది.

కర్ర మళ్లీ ఎత్తాను. మూలుగు ఆగలేదు. పక్కన కూర్చున్న నా మనవరాలు ఫిజియోథెరపీ అమ్మాయి వైపు కోపంగా చూస్తోంది.