గిరిజ భుజం నొప్పి

గిరిజ నోవై అనే ఊళ్ళో స్కూల్ బస్ నడిపేది. అమెరికా వచ్చిన కొత్తలో ఇంటి ముందున్న కారుని రివర్స్ చేయడానికే వణికిన మనిషి, మంచు కురిసే ఉదయాల్లో బస్సు నిండా పిల్లల్ని ఎక్కించుకుని పోతుంటే భర్త జగదీష్‌కి ఎప్పుడూ ఆశ్చర్యమే.

2012లో ఆమె తమ్ముడు నరసింహకి కిడ్నీలు రెండూ పాడయ్యాయి. రోగాలతో పోరాడాల్సిన శక్తే కిడ్నీల మీద తిరగబడిందనీ, ఇది కుటుంబంలో నడిచే జబ్బు కాదనీ డాక్టర్లు చెప్పారు. అతనూ ఆ ఊళ్ళోనే, కార్ల కంపెనీలో ఇంజనీరు. డయాలసిస్ నుంచి తిరిగొచ్చి సోఫాలో వాలిపోతే మళ్ళీ లేవడానికి ఓపికుండేది కాదు.

"నాది ఇస్తాలేరా," అంది గిరిజ అతనికి అన్నం వడ్డిస్తూ.

"పిచ్చా అక్కా నీకు? బస్ ఎవరు నడుపుతారు?"

"ఒక కిడ్నీతో కూడా నడపొచ్చంట. కనుక్కున్నాను."

రక్తం గ్రూపు కలిసింది. అందరికీ ఆశ పుట్టింది. దాతల్ని పరీక్షించే డాక్టర్ మాయ అక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. రక్త పరీక్ష ఫలితాలు రాగానే ఆమే ఫోన్ చేసింది.

"ఆంటీ, మీ క్రియాటినిన్ హైగా ఉంది. అంటే మీ కిడ్నీస్ బ్లడ్‌ని సరిగా క్లీన్ చేయట్లేదు. ఇలా ఉంటే మీరు డోనర్ అవ్వలేరు. ఒకసారి రండి, మాట్లాడదాం."

గిరిజ ఫోన్ పెట్టేసి వంటింట్లోంచి బయటికొచ్చింది. "ఇవ్వడానికి పోయి నేనే పేషెంట్‌నయ్యానండీ," అంది జగదీష్‌తో. తమ్ముడితో మాత్రం తనకింకా టెస్టులు అవుతున్నాయని చెప్పింది. వాడు సోఫాలోంచి ఆశగా చూసే చూపు ఆమెకి తట్టుకోవడం కష్టమైంది.

క్లినిక్‌లో మాయ మళ్ళీ మొదటినుంచి అడిగింది.

"మెడిసిన్స్ ఏమీ లేవు అన్నారు కదా ఆంటీ. పెయిన్‌కి కూడా ఏమీ వేసుకోరా?"

"నొప్పికా? ఐబుప్రోఫెన్. అదీ ఒక మందేనా, షాపులో డబ్బాలు అమ్ముతారుగా. బస్ అద్దాల మీద ఐస్ గీకి గీకి ఈ భుజం పోయింది. పొద్దున్న వేసుకుంటా, మధ్యాహ్నం వేసుకుంటా, పడుకునే ముందు ఇంకోసారి."

"రోజూనా?"

"చలి మొదలైనప్పటినుంచీ రోజూ."

"వాటర్ ఎంత తాగుతారు?"

గిరిజ నవ్వేసింది. "రూట్‌లో బాత్రూమ్ ఎక్కడుంటుందమ్మా? పిల్లల్ని దింపేదాకా గొంతు కూడా తడుపుకోను."

మాయ ముఖం కాస్త తేటపడింది. కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"సో ఆంటీ, మన బాడీలో ఫ్యాట్ నుంచి చిన్న చిన్న మాలిక్యూల్స్ తయారవుతాయి. ప్రోస్టాగ్లాండిన్స్ అంటాం. అవి మెసేజెస్ ఇస్తాయి. భుజంలో అయితే పెయిన్ పెంచుతాయి. కిడ్నీలో అవే హెల్ప్ చేస్తాయి. మీరు నీళ్ళు తాగకపోతే కిడ్నీకి వెళ్ళే బ్లడ్ ట్యూబ్స్ టైట్ అవుతాయి కదా, అప్పుడు ఇవి 'ఓపెన్‌గా ఉండు' అని చెప్తాయి. మీ టాబ్లెట్ భుజంలో వాటిని ఆపింది. కిడ్నీలో కూడా ఆపేసింది."

"అయితే నా కిడ్నీలు పోయినట్టేనా?"

"పోలేదు అనుకుంటున్నా. బ్లడ్ సరిగా అందట్లేదు, అంతే. టాబ్లెట్స్ ఆపేయండి, వాటర్ తాగండి. మళ్ళీ టెస్ట్ చేద్దాం. ప్రామిస్ మాత్రం చేయలేను."

గిరిజ ఆ రోజే మాత్రలు మానేసింది. చెయ్యి పైకెత్తితే ప్రాణం పోయినట్టుండేది. జగదీష్ వేడి కాపడం పెట్టేవాడు. సిగ్గు విడిచి సూపర్‌వైజర్‌ని అడిగితే, రెండు ట్రిప్పుల మధ్య స్కూల్లో బాత్రూమ్‌కి ఆగడానికి టైమ్ ఇచ్చాడు. అది విని మిగతా డ్రైవర్లూ అదే అడిగారు. వాళ్ళందరూ కూడా ఇన్నాళ్ళూ నీళ్ళు మానేసి బళ్ళు నడిపినవాళ్ళే.

మళ్ళీ మాయ ఫోన్ వచ్చేసరికి గిరిజ ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు ఏరుతోంది.

"నార్మల్ ఆంటీ!"

"రెండూనా?"

"రెండూ!"

గిరిజ బియ్యం బస్తాల మీద కూలబడింది. పక్కనున్నావిడ కంగారుపడి "ఏమైందండీ?" అని అడిగితే, ఏడుస్తూనే "ఏం కాలేదండీ, ఏమీ కాలేదంట," అంది.

తొందరపడకుండా కొన్ని నెలలు ఆగి మళ్ళీ పరీక్షలు చేశారు. అన్నీ బాగున్నాయి. ఆ రకం నొప్పి మాత్రలు ఇక జన్మలో ముట్టుకోవద్దని చెప్పి, దాతగా ఒప్పుకున్నారు. బడులకి వేసవి సెలవులిచ్చాక ఆపరేషన్ జరిగింది.

మర్నాడు నర్సు చెయ్యి పట్టుకుని గిరిజ మెల్లగా తమ్ముడి గదికి నడిచింది. నరసింహ ముఖంలో ఎన్నాళ్ళకో రంగొచ్చింది. మంచం పక్కన వేలాడుతున్న మూత్రం సంచిని గొప్పగా చూపించాడు.

"చూడక్కా, ఎలా నిండుతోందో!"

"సిగ్గులేదట్రా, అక్కకి చూపించే వస్తువా అది?"

ఇద్దరూ నవ్వారు. కుట్లు లాగి ఇద్దరూ ఒకేసారి "అమ్మా" అన్నారు. అయినా నవ్వు ఆగలేదు.